ఒంటికాలి మీద

"ఎప్పుడూ ఒంటికాలి మీద లేస్తావే!" అనేవాడు హెర్లే,
నేను కయ్యానికి దిగినప్పుడల్లా.
అతను పోయిన తొమ్మిదేళ్లకి
డాక్టరు గడియారం చేతబట్టుకుని
నిజంగానే నిలబడమన్నాడు, ఒంటికాలి మీద.
నాలుగు సెకన్లు.
అయిదోదానికి బల్ల అంచు పట్టుకున్నాను.

ఫిబ్రవరిలో రేవు మెట్ల మీద పడ్డాను.
దెబ్బ చిన్నదే, మోచెయ్యి కమిలింది, అంతే.
భయం మాత్రం ఇంటిదాకా వెంటవచ్చి
చెప్పులు విప్పుకుని లోపలే మకాం పెట్టింది.
స్నానాలగదిలో నాకంటే ముందు అదే అడుగుపెట్టేది.
రొట్టెల కొట్టుకి బయల్దేరితే
వీధిలో రాయిరాయినీ లెక్కపెట్టించేది.
డ్వార్నెనేలో పుట్టి డెబ్బై ఎనిమిదేళ్లు.
ఈ ఊరు ఇంత వాలుగా ఉందని
ఎవరూ చెప్పలేదు నాకు.

డాక్టరు చీటీలో మాత్ర రాయలేదు.
"మంగళవారం మూడు గంటలకి, పాత చేపల వేలంశాల."
కోడిగీతల రాత.
వెళ్లాను. తిట్టుకుంటూనే వెళ్లాను.

పదహారుమంది.
గోడవార చేతికర్రలు, వానకి తడిసొచ్చిన గొడుగుల్లా.
తుంటి మార్పించుకున్న ట్రెఫిన్,
చెవి యంత్రాన్ని జేబులో పెట్టుకు తిరిగే మథ్యూరిన్,
పడవ మీద వించి తాడుకి
కుడిచేతి చిటికెన వేలు ఇచ్చేసిన గూల్వెన్.
నేర్పే పిల్ల నోల్వెన్‌కి ముప్పై దాటలేదు.
"చిటికెన వేళ్లు కలపండి" అంది.
"ఎడమకి మూడడుగులు, తర్వాత ఉన్నచోటే మూడు.
కాళ్లకేసి చూడొద్దు."

కాళ్లకేసి చూడొద్దట!
ఇన్ని నెలలుగా నేను చూస్తున్నది వాటినే కదా,
అప్పు ఎగ్గొట్టి పారిపోయేవాళ్లని కనిపెట్టినట్టు.

నా ఎడమన గూల్వెన్.
అతని చేతిలో వేలుండాల్సిన చోట నున్నటి మొండి.
నా వేలు అక్కడ కాసేపు తడుముకుంది,
చీకట్లో స్విచ్చి వెతికినట్టు.
"పక్కింట్లో అడుగు" అన్నాడు, ఉంగరంవేలు చాపి.

చిటికెన వేలు పట్టుకున్నవాడు వెళ్లిపోయాక
ఇంకొకరి వేలు ఎంత వెచ్చగా ఉంటుందో మరిచిపోయాను.
ఒక వేలు మనిషిని మొయ్యదు, తెలుసు.
పడిపోతే ఆపలేదు.
కానీ నేను ఒరిగేలోపే,
ఒరగబోతున్నానని
దానికి తెలిసిపోతుంది.

వాయిద్యాలు లేవు. ట్రెఫిన్ చరణం ఎత్తుకుంటే
చివరి మాట నేలని తాకకముందే
మథ్యూరిన్ అందుకుంటాడు, ఆమె పెదాలు చూసి.
సార్డీన్ ఫ్యాక్టరీలో మేమూ అలాగే పాడేవాళ్లం,
రాత్రి రెండింటికి, ఉప్పునీళ్లలో మడమలు నానుతుంటే,
తలలు కోస్తూ, డబ్బాల్లో పేరుస్తూ.
కునుకు పడితే కత్తి వేలికి తగిలేది.
పాట అప్పుడూ సరదాకి కాదు,
నిలబడ్డానికి.

అయిదో మంగళవారం
నా కుడికాలు దారి మరిచిపోయింది.
తూలాను.
వరుసంతా కొంచెం వంగింది,
గాలికి ఆరేసిన వల వంగినట్టు,
మళ్లీ సర్దుకుంది.
ఎవరూ ఆగలేదు. ఎవరూ "అయ్యో" అనలేదు.
గూల్వెన్ మాత్రం ఎటో చూస్తూ
"బిగుసుకున్నవాడే ముందు నీళ్లలో పడతాడు" అన్నాడు,
నాతోనో, ముప్పై ఏళ్లు నడిపిన పడవతోనో.

జూన్‌లో డాక్టరు మళ్లీ గడియారం పట్టుకున్నాడు.
తొమ్మిది సెకన్లు.
కొంగ చూస్తే నవ్వుతుంది.
ఆయన తల పంకించి రాసుకున్నాడు.

ఆయనకి చెప్పనిది ఒకటుంది.
ఆ పొద్దున మంచం పక్కన
గోడ పట్టుకోకుండా, ఊపిరి బిగబట్టకుండా,
మనసులో ఎడమకి మూడడుగులు వేసుకుంటూ
ఒక మేజోడు నిలబడే తొడుక్కున్నాను.
రెండోదానికి కుర్చీ పిలిచింది.
కూర్చున్నాను,
దాంతో పోట్లాడుతూనే.