చెవి

పంపు కంటే ముందు నేలను చూడమన్నాడు గౌస్ భాయ్.
సగం చాయ్ ఉన్న గ్లాసు బేస్ మీద పెట్టాడు.
చాయ్ ఒక అంచుకి ఒరిగింది.
"గిట్ల కూసోబెడితె ఏ మిషనైనా వణుకుతది."
ఒక పలుచని రేకు, దాని మీద రబ్బరు ముక్క,
మళ్ళీ గ్లాసు.
ఈసారి సమంగా నిలిచింది. తాగేశాడు.

గాలి లైను వాల్వుకి తాళం వేసి
చెవి నా జేబులో పడేశాడు.
"నీ చేతులు లోపలున్నంత సేపు ఇది నీది.
మేనేజర్ అడిగినా ఇయ్యకు."

బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెం,
అలిగిన ఇద్దరికి నచ్చజెప్పినట్టు.
పైపుని గుంజి కలపొద్దు,
మధ్యలో మెత్తటి హోస్ వెయ్యి,
కొట్టుకునేదానికి కొట్టుకునే జాగా ఉండాలె.
ఎర్తింగ్ తీగ మరవకు,
సాల్వెంటు ఇంట్ల నిప్పురవ్వకు సుట్టాలెక్కువ.

జీడిమెట్ల సైరన్ మోగింది.
విఠల్ సార్ మూడోసారి వచ్చాడు: "అయిందా?"
మేం జవాబివ్వలేదు.

తాళం తీసి
రెగ్యులేటర్ గోరంత తిప్పాను.
టక్.
చాలాసేపటికి, టక్.
లోపల ఒక పొర వెళ్తే ఒక పొర వస్తోంది.
గౌస్ భాయ్ మీటర్ చూడలేదు,
పైపు మీద అరచెయ్యి ఆనించి
"గుంజుతుంది" అని చెప్పులేసుకున్నాడు.

షాపూర్‌నగర్ బస్టాపులో చిల్లర కోసం జేబు తడిమాను.
గౌస్ భాయ్ ఇచ్చిన చెవి
ఇంకా నా దగ్గరే ఉంది.