జాలాడి బండ

నాపరాయిని పగలగొట్టరు.
విప్పుతారు.
ఉసేనప్ప ముందు చెవి ఆనిస్తాడు,
రాయి ఏ పక్కకు వస్తానంటదో విని
అప్పుడు దూరుస్తాడు పొరలోకి ఉలి.

నిడుజువ్వి గనిలో ఆ పొద్దు
మూడు గడారులు ఎత్తితే లేచిన బండ
అడుగున నున్నగా లేదు.
అలలు.
వేలెడు వేలెడు ఎడంతో, ఒకే దిక్కుకు ఒరిగి,
ఎవరో ఇప్పుడే ఈతపొరకతో ఊడ్చిపోయినట్టు.

"పాలిష్ పట్టదు, దిబ్బలో ఎయ్యి."
మేస్త్రీ సుద్దముక్కతో ఇంటూ గీసిపోయినాడు.

కొండల లెక్క రాసుకునేకి వచ్చిన కాలేజీ పిల్లోడు మాత్రం
మోకాళ్ల మీద కూలబడి
"ఇక్కడ సముద్రముండె తాతా" అన్నాడు,
"లోతు లేనిది, చేపలు పుట్టకముందుది."
ఉసేనప్ప చుట్టూ చూసినాడు.
ఎర్రమల వీపు, పరికి కంపలు,
పెన్న దిక్కున తెల్లగా ఎండిన ఇసక.
"మరి ఎప్పుడు పాయె?" అనడిగినాడు,
నిన్న తప్పిపోయిన గొడ్డును గురించి అడిగినట్టు.

పిల్లోడు చెప్పిన సున్నాలు
ఏ కూలి లెక్కలోనూ పట్టలేదు.

ట్రాక్టరు డ్రైవరుకు బీడీకట్ట ఇచ్చి
బండను ఇంటికి తెచ్చుకున్నాడు.
అలలు పైకుండేట్టు జాలాడిలో పరిచినాడు.

నాలుగు దినాలకొకసారి ట్యాంకరు వస్తాది.
ఆ పొద్దు ఖాశీంబీ చెంబు వంచితే
నీళ్లు తమ పాత గాడి వెతుక్కుంటా
ఒక్కొక్క అలనూ నల్లబరుస్తా పోతాయి
గోడ దాకా.

ఆయన గడప మీద కూచొని చూస్తాడు.
"ఏముందంట అంత చూసేకి?" అంటాది ఆమె,
గని దుమ్ము పట్టిన పంచెను దాని మీద అదిమి రుద్దుతా.
"గరుకుంది. మురికి బాగా వదుల్తాది."