పైరెప్ప కింద తెల్లగీత

గ్యుమ్రిలో, నల్లరాతి మేడల వీధిలో,
పాస్‌పోర్ట్ ఫొటోల కొట్టు నాది.
ముప్ఫై రెండేళ్ళుగా అమ్ముకుంటున్నది ఒకే మాట:
"గడ్డం కాస్త కిందకి. నవ్వొద్దు. కళ్ళు మామూలుగా."

ఫిబ్రవరిలో షోఘేర్ టీచరొచ్చింది.
కళ్ళు మామూలుగా, అన్నాను.
మామూలుగానే ఉన్నాయి, అంది.
అంత విప్పార్చకమ్మా, అన్నాను.
"విప్పార్చలేదు నోరాయర్, ఇంతే నా కళ్ళు"
అంటుంటే గొంతు ఓ చోట చిరిగింది.

మూడుసార్లు తీశాను. మూడింట్లోనూ
పొయ్యి మీద పాలు
అప్పుడే గుర్తొచ్చిన మనిషిలా ఉంది.

ఇన్ని వేల మొహాలు కత్తిరించిన చేతికి తెలుసు,
పైరెప్ప ఎప్పుడూ నల్లగుడ్డు అంచు మీద
టోపీలా కొంచెం వాలి ఉంటుంది.
భయానికి లేస్తుంది, కోపానికి లేస్తుంది,
పని కాగానే దిగుతుంది.
ఈమెది దిగడం మానేసింది.
రెప్పకీ నల్లగుడ్డుకీ నడుమ
ఉండకూడని చోట
సన్నగా ఓ తెల్లగీత.

ఊళ్ళో ఎవరికి తోచినట్టు వాళ్ళు చదివారట ఆ కళ్ళని.
నెత్తికెక్కాయంది అత్తగారు.
రొట్టెల కొట్టు అర్షలూయ్స్ దిష్టంది, నీలిపూస ఇచ్చింది.
మొగుడు వానుష్ అర్ధరాత్రి లేచి కూర్చునేవాడట:
నిద్రలోనూ ఆమె రెప్పలు పూర్తిగా మూతపడవు,
సందులోంచి తెల్లగా ఏదో తననే కాపలా కాస్తున్నట్టుంటే
పాత తప్పులన్నీ వేళ్ళ మీద లెక్కేసుకునేవాడట.

ఇక తరగతిలో,
పదకొండేళ్ళలో మొదటిసారి, అడక్కుండానే నిశ్శబ్దం.
డిక్టేషన్ చెబుతుంటే ఒక్క బెంచీ కిర్రుమనదు.
"ఇన్నాళ్ళకి టీచర్నయ్యానని సంబరపడ్డాను" అంది,
నా ఎత్తుపీట మీద, కోటు విప్పేసి, మెడ చెమట తుడుచుకుంటూ.
నా కొట్లో హీటరు పాడై నెల.
నేను రెండు స్వెటర్లలో ఉన్నాను.
ఫొటోల కవరు అందుకుంటే ఆమె చేతిలో
కాగితం గలగలలాడింది. కిటికీ మూసే ఉంది.

నాకు వైద్యం రాదు. ఏదీ పారేయడం రాదు, అంతే.
ఇనప బీరువాలోంచి ఆరేళ్ళ కిందటి షోఘేర్‌ని తీసి
ఇవాళ్టి షోఘేర్ పక్కన పెట్టాను.
చాలాసేపు చూసింది.
"దీనికి నిద్ర బాగా పడుతోంది" అంది, పాతదాన్ని వేలితో తాకి.

యెరెవాన్‌లో డాక్టరమ్మ కూడా ముందు అడిగింది అదేనట,
పాత ఫొటోలున్నాయా అని.
కంటి పక్క ఎముక నుంచి కొలబద్ద పెట్టి చూసింది:
ఇరవై మూడు మిల్లీమీటర్లు.
నీళ్ళు తాగించి గొంతు కదలడం చూసింది.
ఒంటి కాపలావాళ్ళు సొంతింటి మీదే పడ్డారంది.
గుడ్డు పెరగలేదు, దాని వెనక గది నిండింది:
కండ వాచి, కొవ్వు వాచి.
ఎముక గోడలు జరగవు కదా,
కన్నే ముందుకి జరగాలి.

అంతకాలం ఆమె మొహంలో అందరూ చదివింది
ఒట్టి చోటు చాలకపోవడం.

ఇంట్లో సిగరెట్ ఎవరు కాలుస్తారందట డాక్టరమ్మ.
వానుష్ బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.
పొగ ఆ కళ్ళకి అగ్నిలో ఆజ్యమని తెలిసినప్పట్నుంచి
పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు,
మెట్లన్నీ పొట్టే. పక్కింటివాళ్ళు తిడుతున్నారు.
రాత్రి ఆమె కళ్ళకి మందు రాసి
రెప్పల మీద కాగితపు టేపు అతికించేదీ అతనే.
"ఇప్పుడు నాక్కూడా నిద్ర పడుతోంది" అంటాడు.

అక్టోబరులో మళ్ళీ వచ్చింది, కోటు గుండీలన్నీ పెట్టుకుని.
గుండె దడ తగ్గింది. చెయ్యి నిలిచింది.
తరగతిలో మళ్ళీ గోలేనంది, విసుగ్గా, కొంచెం గర్వంగా.
కళ్ళు మాత్రం పూర్తిగా వెనక్కి పోలేదు.
పోకపోవచ్చట కూడా.
ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నారట.

ఎత్తుపీట మీద సర్దుకుంది. లైటు వేశాను.
పాత మాట నాలిక చివరి దాకా వచ్చింది.
"గడ్డం కాస్త కిందకి" అని
ఊరుకున్నాను.