ఉంది, అంతే

కొత్తపేట, మూడో అంతస్తు. కిటికీ మూసినా
యార్డు వైపు గాలి తిరిగితే చాలు,
మాస్కులోనే తుమ్ము.
పైపెట్టు పట్టిన చెయ్యి అప్పుడూ కదలకూడదు.
అది నేర్చుకోడానికే నాకు రెండేళ్ళు పట్టింది.

అరచేతంత పలకలో తొంభై ఆరు గుంటలు,
ఒక్కోటీ శనగగింజ పట్టేంత.
అడుగున ముందే అంటించి ఉంచాను
కుందేలు నుంచి వచ్చిన యాంటీబాడీని.
ఖాళీ మిగిలిన చోటల్లా పాలపొడి నీళ్ళు.
సందు దొరికితే ఎవరైనా అతుక్కుంటారు,
రక్తంలోనూ అంతే, ఆఫీసులోనూ అంతే
అని హైమావతి మేడం నవ్వేది.

సి-ఏడు గుంటలో ఏసోబు.
ప్రత్తిపాడు అవతల మిరపచేలో
ఆరు రోజులు వీపున ట్యాంకు మోశాడు.
ఏడో రోజు చూపు మసక, నోట్లో చొంగ.
ఎండదెబ్బ అన్నాడట మేస్త్రీ.
ఇప్పుడతను నా దగ్గర
వంద మైక్రోలీటర్లు.

వెతుకుతున్నది ఒక ఎంజైముని.
నరం కండకి చెప్పిన మాటని
చెప్పగానే చెరిపేసేది అది.
చెరపకపోతే మాట ఆగదు,
కండ వణుకుతూనే ఉంటుంది.

కడుగు. బోర్లించి దులుపు. మళ్ళీ కడుగు.
మా అమ్మ చూస్తే
అంట్లు తోమడానికా ఎమ్మెస్సీ అంటుంది.
సంగతంతా కడగడంలోనే ఉందమ్మా:
పట్టుకున్నది మిగలాలి,
ఊరికే ఆనుకున్నది పోవాలి.

ఇక రెండోది, మేక నుంచి తీసింది,
రంగు పుట్టించే సరంజామా
వీపున కట్టుకుని వస్తుంది.
పదిహేను నిమిషాలకి నీలం.
ఆమ్లం చుక్క పడగానే
దుగ్గిరాల పసుపు.

సి-ఏడూ పసుపే.
పోలికకి పక్కన పోసిన నా సొంత రక్తమంత పసుపు.
హమ్మయ్య అనుకున్నాను, పైకే.

తర్వాత రెండో పరీక్ష. అదే రక్తం.
ఈసారి పట్టుకోవడం కాదు, పని చెప్పి చూడటం.
నా గుంట రంగు తిరిగింది.
అతనిది తిరగలేదు.
ఇంకో ఐదు నిమిషాలు ఆగాను. తిరగలేదు.

ఎంజైము ఉంది. మందు దాని నోరు కట్టేసింది.
యాంటీబాడీకి ముఖం గుర్తే,
ఊపిరి సంగతి అడిగితే చెప్పలేదు.
మేస్త్రీ హాజరు పుస్తకంలోనూ
ఏసోబు ఉన్నాడు, ఆరు రోజులూ.

రిపోర్టులో రెండు గళ్ళు.
ఎంత ఉంది: మామూలే.
ఎంత పనిచేస్తోంది: పదకొండు శాతం.

వార్డుకి ఫోన్ చేశాను.
అవతల ఎవరో ఎత్తేదాకా
సి-ఏడు వైపు చూడలేదు.