సున్న నుంచి మూడు

పెరంబూరు లోకో వర్క్స్ గోడ వారన మా పెట్టికొట్టు.
మొన్న కాలేజీ పిల్ల ఒకతె కాగితం పట్టుకొచ్చింది:
"అమ్మా, టీ, బీడీ, ముక్కుపొడి, సారాయి, గంజాయి,
ఇంకా పెద్ద మత్తులు,
ఏది మనిషిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో
సున్న నుంచి మూడు లోపు మార్కులెయ్యండి."

మూడు చాలవే తల్లీ.
ముందా స్టూలు మీద కూర్చో,
పాలు పొంగుతాయేమో ఓ కన్నేసి ఉంచు.

నాకు తెలిసిన కొలత ఒకటే,
తెల్లారకముందు షట్టరు తట్టేదెవరని.
టీ వాళ్ళు ఐదున్నరకి. తెరవకపోతే తిట్టి
పక్క కొట్టుకి పోతారు.
బీడీ వాళ్ళు ఐదుకి. తిట్టరు. నిలబడతారు,
నిన్నటి పీకల్లో పొడుగుది వెతుక్కుంటూ.
ముక్కుపొడి మునెమ్మవ్వ నాలుగింటికే,
కోడలు లేవకముందు, కొంగు ముడిలో చిల్లరతో.
"పోయేటప్పుడు తులసినీళ్ళు ఎవరైనా పోస్తారు,
చిటికెడు పొడి మాత్రం నువ్వే వెయ్యాలి" అంటుంది.

సారాయి వాళ్ళు నా దగ్గరికి రారు.
వాళ్ళ పెళ్ళాలొస్తారు, అరకిలో బియ్యం అప్పుకి.
దానికి నీ కాగితంలో గడి ఉందా?

దేవనాథమని ఒక కుర్రాడుండేవాడు.
రోజూ చాక్లెట్టు కొని
మా మనవరాలి చేతిలో పెట్టి
పైనున్న వెండికాగితం మాత్రం మడిచి
జేబులో పెట్టుకునేవాడు.
ఎంత మంచి పిల్లాడో అనుకున్నాను, ఆర్నెల్లు.
వాళ్ళమ్మ గ్యాసుబండ మాయమైన రోజు తెలిసింది.
వాడెప్పుడూ షట్టరు తట్టలేదు.
వాడికి రాత్రి అయిపోతే కదా.

మా ఆయన సంగతి కూడా రాసుకో.
సారాయి ఒక్క ఆడికృత్తిక మొక్కుతో వదిలేశాడు.
బీడీ నెలరోజులు దగ్గించి, ఏడిపించి, పోయింది.
చక్కెర మాత్రం,
కాలివేళ్ళు రెండు తీసేశాక కూడా
అర్ధరాత్రి డబ్బా మూత చప్పుడయ్యేది.
నేను లేచేదాన్ని కాదు.
పొద్దున చీమలు దారి చూపించేవి,
డబ్బా నుంచి మంచం కోడు దాకా.

పిల్ల పెన్ను ఆగింది.
"చక్కెర ఈ లిస్టులో లేదమ్మా."

"కలుపుకో" అని టీ గ్లాసు ముందుపెట్టాను.
రెండు చెంచాలేసుకుంది.
తాగి చూసి, కాగితం మీంచి తలెత్తకుండానే
చెయ్యి మళ్ళీ చాపింది.

నేను అమ్ముకునేదాన్ని.
డబ్బా కాస్త ఇవతలికి జరిపాను.