నీడకు ఏ రంగు

బస్టాండు ప్రహరీ మీద పన్నెండు ఖానాలు
నాకే ఇచ్చిన్రు మున్సిపాలిటోళ్లు.
"ఊరికొక గుర్తు కావాలె సైదులూ,
బస్సు దిగినోడు చూడంగనే నల్లగొండ అనాలె"
అన్నది కొత్త ఇంజినీరమ్మ.

నలభై ఏండ్ల సంది రాస్తున్న ఈ ఊరి పేరు.
ఎరువుల దుకాణం మీద, ట్రాలీల వెనకాల,
ఫ్లెక్సీలు రాకముందు శ్రద్ధాంజలి రేకుల మీద.
ఊరి మొకం ఎట్లుంటదని
ఒక్కలన్న అడగలే.

బయటోళ్లకు ఎరికే.
హైద్రాబాదుల నేను నవ్వితే
పండ్లు చూసి "నల్లగొండనా?" అన్నడు ఒకాయన.
మర్రిగూడ దిక్కు మా మేనత్త ఇస్తారమ్మ
ముప్పయ్యేండ్లకే కొడవలి లెక్క వంగింది.
ఎవరెవరో వచ్చి ఫొటో పట్టుకపోయిన్రు.
ఊరికి అదే మొదటి గుర్తు.
దానికి ఏ పెయింటరూ అక్కర రాలే.

మొదటి ఖానాల లతీఫ్ సాబ్ గుట్ట, ఉర్సు దీపాలు.
రెండోదాంట్ల పానగల్లు చెరువు, అలుగు దుంకంగ.
పచ్చల సోమేశ్వరం స్తంభాల మీది యుద్ధం మూడోది,
ఏనుగులకే వారం పట్టింది.
ఛాయా సోమేశ్వరం కాడ
చెయ్యి ఆగింది.

తెల్లారి పోయి గర్భగుడి ముంగట కూసున్న.
పొద్దు ఎక్కింది, నెత్తి మీదికొచ్చింది, వాలింది.
లింగం వెనక నీడ
ఇంచు జరగలే.
ఒక్కొక్క స్తంభానికి అడ్డం నిలవడి చూసిన,
దీనిది కాదు, దానిది కాదు.
చెప్పుల కాడి బుగ్గయ్య నవ్విండు:
"ఎవ్వలిదైతేంది, ఉన్నది గదా!"

నలుపు వేస్తే గోడకు తూటు పడ్డట్టుంది.
బూడిదరంగు వేస్తే మరక అనుకొని
టీ కొట్టు పిల్లగాడు తుడువ వచ్చిండు.
ఆఖరికి నలుపుల ఇంత ఇటుకపొడి,
ఇంత మా పండ్ల పసుపు
కలిపిన.

పైనుంచి కిందికి గీసుకుంట రాంగ
నడుమ కాడ నీడ వంగింది.
చెయ్యి వణికి కాదు.

"లైన్ వంకర పోయింది, సరిజెయ్యి"
అన్నది ఇంజినీరమ్మ.
స్తంభం అయితే సరిజేద్దును మేడం,
ఇది నీడ, అన్న.

ఇప్పుడు ఆటోలోళ్లు
గడియారం స్తంభం అంటలేరు,
"నీడ కాడ దిగుతవా?" అంటున్నరు.
మిగిలిన ఎనిమిది ఖానాలు తెల్లగనే ఉన్నయి.
బిల్లు ఇంక పాస్ కాలే.