జూన్ ఒకటి

యశ్వంతపూర్ అవతల మా ల్యాబ్.
మెట్రో పోయినప్పుడల్లా
త్రాసులో చివరి అంకె వణుకుతుంది.
అది నిలిచేదాకా ఊపిరి బిగపట్టడం
నా ఉద్యోగంలో సగం.

మిగతా సగం ఈ నల్లరాయి.
కంభం వైపు బోరు వేసి తీసిన కడ్డీ.
ఇనుము తగలకుండా పింగాణీలో నూరాలి,
ముగ్గుపిండికన్నా మెత్తగా.
గాజు గొట్టంలో ఆమ్లంతో కలిపి, మంచులో నిలబెట్టి,
మూతిని మంటతో కరిగించి మూసేసి
రెండు రోజులు పొయ్యిలో పెడతాను.
కొన్ని పేలిపోతాయి.
పేలనివాటిలో
ఏనాటిదో సముద్రపు అడుగు బురద
దాచుకున్నదంతా కక్కుతుంది.

పూవమ్మ మడికేరి పిల్ల, పీహెచ్‌డీ నాలుగో ఏడు.
"రీనియం ఓస్మియంగా మారుతుంది వలీ అణ్ణా,
సగం మారడానికి
భూమి వయసుకి తొమ్మిదింతలు పడుతుంది."
మా మార్కాపురం కోర్టు వాయిదాలే నయం అన్నాను.

ఈ రాయి నాకు ముందే తెలుసని మాత్రం చెప్పలేదు.
మేం దీన్ని పలక అనేవాళ్ళం.
ఉలి పెడితే పొరలు పొరలుగా విచ్చుకునేది.
చెక్క చట్రాలు బిగించి లారీలకెత్తేవాళ్ళు,
ఎక్కడెక్కడి పిల్లలో అఆలు దిద్దుకోవడానికి.
మా అమ్మ అంచులు రుద్దే మనిషి.
ఆ షెడ్డులోనే నొప్పులొచ్చాయట,
ఏడుపుకన్నా ముందు తుమ్మానట.
ఏ నెలమ్మా? "ఎండలు."
ఏ ఏడు?
"మేస్త్రి హుసేను రెండో పెళ్ళి చేసుకున్న ఏడు."
బళ్ళో సారు అందరికీ రాసినట్టే
నాకూ జూన్ ఒకటి రాశాడు,
పలక మీద కాదు, రిజిస్టర్లో.

నిన్న సాయంత్రం గ్రాఫు వచ్చింది.
ఎనిమిది చుక్కల్లో ఏడు ఒకే గీత మీద,
ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా.
ఎనిమిదోది బయటికి పోయింది.
పూవమ్మ నా వైపు చూసింది.
నా నోటుబుక్కు తెరిచి చూపించాను:
"పై ముక్క. గోధుమరంగు చార. నీళ్ళు తగిలింది."
నూరకముందే రాసిన మాట.
చుక్కని తీసేసింది,
తీసేసినట్టు కింద రాసింది.

రాయికి వయసు వచ్చింది, కోట్లలో.
పక్కనే కూడిక గుర్తు, దాని కింద తీసివేత గుర్తు,
ఇంత మేరకు మాకు తెలియదు అని.

ఈ మే ముప్పై ఒకటిన
మా ఆఫీసులో నలుగురం రిటైరవుతున్నాం,
నలుగురివీ జూన్ ఒకట్లే.
ఫారంలో నా తేదీ పక్కన
పెన్సిల్‌తో చిన్నగా ఆ రెండు గుర్తులూ పెట్టాను.
గుమాస్తా రుద్రేగౌడ కళ్ళద్దాలు సర్దుకుని,
తడి వేలితో పలక తుడిచినట్టు తుడిచి,
ముద్ర కొట్టాడు.